మంచుయుగం వెనక్కి తిరిగిందెందుకు? లెక్కంతా ఉప్పులోనే

గ్రీన్‌లాండ్ మంచు కరుగుతోందన్న వార్త వస్తే చాలు, 'మళ్లీ మంచుయుగం' అంటూ టీవీల్లో హడావుడి మొదలవుతుంది. అది అతిశయోక్తే. అయినా ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు.

సుమారు 12,900 ఏళ్ల కిందట, భూమి మంచుయుగం నుంచి తేరుకుంటున్న వేళ, ఉత్తర అట్లాంటిక్ చుట్టూ చలి మళ్లీ విరుచుకుపడింది. దాదాపు 1,200 ఏళ్లు వదల్లేదు. శీతల ప్రాంతాల్లో పూసే డ్రయాస్ మొక్క అవశేషాలు ఆనాటి మట్టిపొరల్లో దొరకడంతో ఆ కాలానికి యంగర్ డ్రయాస్ అని పేరొచ్చింది. అది ముగిసిన తీరు మరీ విచిత్రం. కొన్ని దశాబ్దాల్లోనే గ్రీన్‌లాండ్ 10 డిగ్రీల దాకా వేడెక్కింది.

ఈ చలికి మూలం సముద్ర ప్రవాహంలో ఉందంటారు. ఉష్ణమండలం నుంచి ఉత్తరానికి వెళ్లే నీటిలో ఉప్పు ఎక్కువ. అక్కడ చల్లబడగానే బరువెక్కి మునిగిపోతుంది, లోతుల్లోంచి దక్షిణానికి సాగుతుంది. దాని చోటు భర్తీ చేయడానికి దక్షిణం నుంచి ఉపరితలం మీదుగా వెచ్చని నీరు వస్తూ ఉంటుంది. అదే నీటిపై మంచినీరు పరుచుకుంటే, ఎంత చల్లబడినా మునగదు. ప్రవాహం నీరసిస్తుంది, ఉత్తరానికి వేడి అందదు.

మరి ఆ మంచినీరు ఎక్కడిది? ఉత్తర అమెరికా మంచుపలక అంచున ఉన్న అగాసిజ్ అనే మహా సరస్సుది అని వాతావరణ శాస్త్రవేత్త వాలెస్ బ్రోకర్ బృందం 1989లో చెప్పింది. అంతవరకు మిసిసిపి వైపు పోయిన నీరు సెయింట్ లారెన్స్ నది దారి పట్టి అట్లాంటిక్‌లో పడిందన్నారు. తర్వాతి పరిశోధనల్లో అది కెనడా వాయవ్యాన ఉన్న మెకంజీ నది మీదుగా ఆర్కిటిక్‌లోకి వెళ్లిందనడానికి ఆధారాలు దొరికాయి. నా దృష్టిలో ఈ వాదనే అసలు పాఠం. ఎంత నీరు అన్నదెంత ముఖ్యమో, అది ఏ మూల పడిందన్నదీ అంతే ముఖ్యం.

వేల ఏళ్ల నాటి ఉప్పును కొలిచేదెలా? సముద్రగర్భంలోని బురదను జల్లెడపట్టి, ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల ఇసుకరేణువంత గుల్లలను మైక్రోస్కోప్ కింద సన్నటి కుంచెతో ఒక్కొక్కటిగా ఏరతారు. గుల్లలోని మెగ్నీషియం అప్పటి నీటి వేడిని చెబుతుంది. ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాల) నిష్పత్తిలోంచి ఆ వేడి వంతును, మంచుపలకల వంతును తీసేస్తే ఉప్పు జాడ మిగులుతుంది. ఇలా చూస్తే ఉత్తరాన చలి ఉన్నప్పుడు కరీబియన్ నీళ్లు మరింత ఉప్పెక్కాయని తేలింది. ప్రవాహం మళ్లీ పుంజుకోవడానికి ఆ ఉప్పే తోడ్పడి ఉంటుందన్నది ఒక వాదన.

ఇవాళ అగాసిజ్ లాంటి సరస్సు ఎక్కడా లేదు, కాబట్టి అచ్చం అదే కథ పునరావృతమవుతుందనుకోలేం. అమెరికా తూర్పు తీరం వెంబడి సాగే వెచ్చని ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్ కూడా ఆగిపోదు, దాన్ని ప్రధానంగా నడిపేది గాలి. కాకపోతే నీరు మునగడంతో నడిచే ఆ అట్లాంటిక్ ప్రవాహం ఈ శతాబ్దంలో బలహీనపడడం దాదాపు ఖాయమని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. 2100లోపు ఒక్కసారిగా కూలదన్న మాటను మాత్రం ఓ మోస్తరు నమ్మకంతోనే అంది. అది యూరప్ సమస్యే కదా అనుకోవద్దు. యంగర్ డ్రయాస్‌లో మన నైరుతి రుతుపవనాలూ నీరసించాయి. ఆ గుర్తులు అండమాన్ సముద్రపు బురదలోనూ ఉన్నాయి.