మహారాజశ్రీ డెలివరీ నోటు గారి దివ్యసముఖమునకు

సెకండ్‌హ్యాండ్ కార్లు కొన్నవాళ్లం నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మీ క్షేమం మాకు తెలుసు. హనుమకొండలో డీలరు గారి సొరుగులో, వెంకటేశ్వరస్వామి పటం కింద చల్లగా ఉన్నారు. మా క్షేమమే ములుగు రోడ్డు పక్కన బానెట్ ఎత్తుకొని నిలబడి ఉంది.

మిమ్మల్ని ఇంకా చూడని అదృష్టవంతులు ఉంటారు గనుక మీ రూపురేఖలు ఒకసారి చెప్పనివ్వండి. మీది కార్బన్ పుస్తకంలో పుట్టుక. పైన షాపు పేరు, కింద బండి నంబరు, మోడలు, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ధర, ముట్టింది, బాకీ. ఆ తర్వాత తేదీ, దాని పక్కన సమయం, నిమిషాలతో సహా. పెళ్లి ముహూర్తానికి కూడా ఇంత పట్టింపు ఉండదు. ఎందుకంటే ఆ నిమిషం తర్వాత పడే చలానా, అయ్యే యాక్సిడెంటు, వచ్చే పోలీసు కేసు అన్నీ కొన్నవాడివేనని మీ లెక్క. ఇక అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అసలు మంత్రం: "బండి కండిషన్ అన్ని విధాలా చూసుకొని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను. ఇకమీదట ఏ రిపేరు వచ్చినా డీలరుకు సంబంధం లేదు." సగం వాక్యం మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటిస్తారు. దాని మీద అడ్డంగా మా సంతకం.

సంతకానికి ముందు డీలరు గారు మిమ్మల్ని "ఉత్త కాయితం అన్నా, ఫార్మాలిటీ" అని పరిచయం చేస్తారు. పది రోజుల తర్వాత గేరుబాక్సు మొత్తుకుంటుంటే అదే నోటితో "సంతకం పెట్టినవ్ గదనే, ఇంకేముంది" అంటారు. పది రోజుల్లో ఇంతగా ఎదిగిన కాయితం రెవెన్యూ ఆఫీసులో కూడా మాకు కనబడలేదు.

మీలో మాకు బాగా నచ్చిన మాట 'చూసుకొని'. ఏం చూసుకోవాలో మాత్రం రాయరు. మీకు జాగా చాలదనుకొని ఆ పని మేమే చేస్తున్నాం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తికి తేమ చూస్తారు గదా. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వాళ్లు 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర ఇస్తారు, ఆపైన కోత, 12 దాటితే వద్దంటారు. రెండెకరాల రైతు తెచ్చిన పత్తికి అంత పరీక్ష. 2023 జులైలో హనుమకొండ నయీంనగర్ నాలా పొంగినప్పుడో, 2024 సెప్టెంబరులో మానుకోట (మహబూబాబాద్), ఖమ్మం మునిగినప్పుడో సీట్ల దాకా నీళ్లు తాగిన కారుకు మాత్రం తేమ శాతం అడిగేవాడు లేడు. ఆరబెట్టి, పాలిష్ కొట్టి, అద్దానికి నిమ్మకాయ వాసన డబ్బా వేలాడదీస్తే అది "షోరూం పీసు" అవుతుంది. అందుకని ముందు సీటు బెల్టును, ఇక రానని మొరాయించేదాకా లాగాలి. బయటికి కనబడే రెండు మూరలు అందరూ కడుగుతారు. రీలులో చుట్టుకొని ఉండే చివరి మూరను ఎవ్వరూ కడగరు. దాని మీద ఎండిన చాయ్ మరకలాంటి గోధుమరంగు గీత కనబడి, బొటనవేలితో రుద్దితే సన్నటి ఒండ్రు గరగరమంటే, ఆ కారుకు ఈత వచ్చన్నమాట. తర్వాత సీటు వెనక్కి జరిపి పట్టాల బోల్టులకు తుప్పుందేమో, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో మట్టి ఉందేమో, ఫ్యూజ్ బాక్సు మూత తీసి పిన్నుల మీద పచ్చటి పొడి ఉందేమో చూడాలి. మునిగిన బండి మొదటి నెల బంగారంలా నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో తుప్పు నిదానంగా పాకుతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు, పవర్ విండో, సెన్సర్లు ఒక్కొక్కటే తర్వాత పోతాయి. అప్పటికి మీ మీది సిరా ఎండిపోయి చాలా కాలమవుతుంది.

బంగారం అంటే గుర్తొచ్చింది. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటాం. అది సమ్మక్క సారలమ్మల మీది భక్తి. కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పిన బండిని బంగారం అనడం మాత్రం మీ ఇంటి ఆచారం.

మీటరు సంగతి మీకు తెలియంది కాదు. డిజిటల్ మీటరులో అంకె ఒక చిన్న మెమరీ చిప్పులో ఉంటుంది, ల్యాప్‌టాప్ పెట్టి మార్చడానికి ఎంతోసేపు పట్టదు. అంకె మారుతుంది గానీ బండి ఒళ్లు మారదు. 45 వేలు తిరిగిన కారులో క్లచ్ పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నబడవు, స్టీరింగు తోలు మెరవదు, డ్రైవరు సీటు కుడి అంచు కుంగదు. టైరు పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి, 1419 అంటే 2019లో 14వ వారం తయారీ. నాలుగు టైర్లూ కొత్తవైతే సంతోషించే ముందు, ఇంత తక్కువ తిరిగిన బండికి అవెందుకు మార్చారో అడగాలి. అన్నిటికంటే గట్టి రుజువు కంపెనీ సర్వీస్ సెంటరులో ఉంటుంది. ప్రతి సర్వీసుకూ తేదీతోపాటు కిలోమీటర్లు వాళ్ల కంప్యూటర్లో ఎక్కుతాయి. నాలుగేళ్ల కింద 92 వేల దగ్గర ఆయిల్ మార్చుకున్న బండి ఇప్పుడు 58 వేలు చూపిస్తే, అది వెనక్కి నడిచిందనుకోవాలి. ఇది ధర దగ్గర మోసపోవడంతో ఆగే సంగతి కూడా కాదు. పిస్టన్లనూ వాల్వులనూ ఒకే తాళంలో నడిపే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో, బెల్టు మార్చే గడువుకు ఏళ్లతోపాటు కిలోమీటర్ల లెక్కా ఉంటుంది. తప్పుడు లెక్క నమ్మి నడిపితే బెల్టు తెగుతుంది, చాలా ఇంజన్లలో పిస్టన్లు వచ్చి వాల్వులకు కొట్టుకుంటాయి, హెడ్ విప్పక తప్పదు.

ఇంజన్ దగ్గర ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయాలి. మనం వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే డీలరు గారు పొద్దున్నే సుప్రభాతం పాడించారని అర్థం. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగనే లేదంటే బండి బాగుందని కాదు, లైటు పోయిందనో పీకేశారనో. స్కానరు పెడితే తప్పులేవీ కనబడకుండా, బండి కంప్యూటరు తనకు తాను చేసుకునే 'రెడీనెస్' పరీక్షలు చాలావరకు పూర్తి కాలేదని వస్తే, కోడ్లు ఈమధ్యే తుడిచారనో బ్యాటరీ తీసిపెట్టారనో లెక్క. నీలం పొగను చిక్కటి ఆయిల్ పోసి కొన్నాళ్లు అణచిపెట్టవచ్చు. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డుంటే ఇంజన్‌లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి.

"నాన్ యాక్సిడెంట్" అన్న మాటకు పాత ఇన్సూరెన్సు కాగితమే జవాబు. నాలుగైదేళ్లు క్లెయిమ్ లేని బండికి నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 45, 50 శాతానికి చేరాలి. అక్కడ సున్నా కనబడితే డీలరు గారి మొహం చూడాలి.

ఇవన్నీ చూడకుండా సంతకం పెట్టిన వాళ్ల గతేమిటి? ఇక్కడ మీతో నిజాయితీగా మాట్లాడాలి. మీరు పూర్తిగా దండగ కాదు. బంపరు మీది గీత, అరిగిన టైరు, చిరిగిన సీటు కవరు, అంటే కళ్లుండి చూస్తే కనబడేవాటి విషయంలో మీదే పైచేయి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం కూడా కొనేవాడే చూసుకోవాలంటుంది. కానీ తెలిసి దాచిన లోపానికి, తిప్పిన మీటరుకు, అబద్ధం చెప్పి పుట్టించిన నమ్మకానికి మీరు గొడుగు పట్టలేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో దాని పేరు అనుచిత వ్యాపార పద్ధతి. చీమ అక్షరాలు దాన్ని మాఫీ చేయవు. అయితే మా వాళ్లు కొందరు ఆవేశంలో "ఈ కాయితమే అన్యాయం, దీన్ని కొట్టేయండి" అని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రాస్తారు. అది మీరు పెట్టే ఆఖరి బోల్తా. అన్యాయ ఒప్పందాన్ని రద్దు చేసే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉంది. జిల్లాలో అడగాల్సింది లోపమున్న వస్తువు గురించి, అనుచిత వ్యాపారం గురించి.

ఇంకో ఎత్తు ఉంది, "నేను మధ్యవర్తిని అన్నా, కమీషన్ తీస్కున్న, అంతే. ఓనర్‌ను అడుగు." అసలు ఓనరు వ్యాపారి కాదు గనుక అతని మీద వినియోగదారుల కేసు నిలవదు, డీలరేమో అమ్మింది నేను కాదంటాడు. దీనికి విరుగుడు 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహన నిబంధనల్లో ఉంది. పాత బండ్ల డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. బండి అతని చేతికొచ్చినట్టు ఫారం 29సి నమోదయ్యాక అతన్నే ఓనరుగా లెక్కిస్తారు. అది లేని చోట మాకు దిక్కు రెండే. ఒకటి, డబ్బు షాపు ఖాతాలోకి వెళ్లిన బ్యాంకు రుజువు. రెండోది, ఆశ్చర్యపోకండి, మీరే.

అవును మహారాజశ్రీ గారూ, మిమ్మల్ని తన కవచమనుకున్నాడు పాపం. మీ నెత్తిన అతని షాపు పేరుంది. ధర ఉంది. ఛాసిస్ నంబరుంది. బండి ఏ రోజు ఏ నిమిషాన ఎవరు ఎవరికి అప్పగించారో అతని చేతిరాతలోనే ఉంది. "58,000 కి.మీ." అని కూడా రాయించుకోగలిగితే అంతకంటే మంచి సాక్షి ఉండడు. డబ్బు ఇచ్చే ముందు నవ్వుకుంటూ "అన్నా, మీటరు రీడింగు కూడా ఓ ముక్క రాయరాదు" అంటే చాలు. గుండెలో ఏమీ లేనివాడు రాస్తాడు. రాయననడం కూడా ఒక జవాబే.

మీతో కలిసి మేము చేయబోయే పనులు వినండి. లోపం బయటపడ్డ రోజే బండి ఆపేస్తాం. చౌరస్తాలో తెలిసిన మేస్త్రీతో ఇంజన్ విప్పించం, విప్పితే "మీరే పాడుచేసిండ్రు" అనే దారి తెరిచినట్టే. కంపెనీ వర్క్‌షాపులో చూపించి, కిలోమీటర్లతో, తేదీతో జాబ్‌కార్డు, లోపం ఎందుకొచ్చిందో, ఎప్పటి నుంచి ఉండి ఉంటుందో ఒక్క వాక్యమైనా రాతలో తీసుకుంటాం. ఆ ఒక్క వాక్యం దగ్గరే సగం కేసులు ఓడిపోతాయి. లోపం ఉందని చూపితే చాలదు, అమ్మిన రోజుకే ఉందని చూపాలి. బండి ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు దాచి, 2023 భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షను కింద, ఎలక్ట్రానిక్ రుజువులకు కావాల్సిన ధ్రువపత్రం జత చేస్తాం. ఫోన్‌లో ఎంత తిట్టుకున్నా అది రికార్డు కాదు గనుక, ఫలానా లోపం, ఫలానా మాట అబద్ధం, 15 రోజుల్లో డబ్బు వాపసు ఇవ్వండి లేదా రిపేరు ఖర్చు భరించండి అని నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకుంటాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేస్తాం. కొందరు డీలర్లు అక్కడే దారికొస్తారు.

రాకపోతే జిల్లా కమిషన్. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. గడువు రెండేళ్లు. ఆర్సీ ఇంకా రాలేదనో, రాజీ మాటలు నడుస్తున్నాయనో ఆ గడువు ఆగదు. బండి హైదరాబాద్‌లో కొన్నా, మనం ఉండే చోటే కేసు వేయవచ్చు. "ఇక్కడికొచ్చి తేల్చుకో" అనే డీలరే వరంగల్ బస్సెక్కాలి. నోటీసు అందాక అతను 30 రోజుల్లో జవాబివ్వాలి, అడిగితే ఇంకో 15, అంతకుమించి ఒక్క రోజు లేదు. లోపం కంటికి తేలనప్పుడు నిపుణుడితో పరీక్ష చేయించమని కోరవచ్చు. ఖర్చు ముందు మేమే కట్టాలి. మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. చట్టం ఆశావాది. ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే మాత్రం నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఈలోపు బండిని ఊరంతా తిప్పం, అమ్మేయం, ఆర్సీ మార్పిడి మాత్రం ఆపం. పేరు మారని బండి యాక్సిడెంటు చేస్తే భారం పాత ఓనరు మీద పడుతుంది, మా సొంత డ్యామేజీ ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో పేరు మార్చకపోతే చిక్కే.

కాబట్టి వాయిదా రోజు మీరు తప్పక దయచేయాలి. మిమ్మల్ని ల్యామినేషన్ చేయించం, రెవెన్యూ స్టాంపూ సంతకమూ చేతితో పట్టి చూడాల్సి వస్తుంది. నాలుగు మడతలు పెట్టి పర్సులో కుక్కం, మడత సరిగ్గా సమయం రాసిన చోటే చిరుగుతుంది. జిరాక్సులు తీయించి, అసలు ప్రతిని ప్లాస్టిక్ కవరులో నిలువుగా పెట్టి తెస్తాం. మీ మూలన ఎర్ర సిరాతో 'ఎగ్జిబిట్ ఏ-1' అని రాస్తారు. అప్పుడు డీలరు గారి వకీలు లేచి మీరు ఉత్త కాయితమే అంటారు. మీరేమీ అనుకోకండి.

ఇట్లు,
మీ స్టాంపు మీద అడ్డంగా సంతకం పెట్టినవాళ్లు