స్నేప్ ఫోటోకి దండ వేసే ముందు

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట ఇంటర్ స్నేహితుల గ్రూపులో వచ్చింది. తర్వాత పాత ఆఫీసు గ్రూపులో. మూడోసారి మా బావగారు పంపారు. ఆయన హ్యారీ పాటర్ ఒక్క పేజీ కూడా చదవలేదని మా అక్క ఎక్కడైనా సాక్ష్యం చెబుతుంది. నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, నీళ్ల ట్యాంకర్ ఇంకా రాలేదన్న మెసేజీకీ లిఫ్ట్ రిపేరు మెసేజీకీ మధ్యలో మళ్లీ ప్రత్యక్షమైంది. "హ్యారీ పాటర్ ముగింపులో రౌలింగ్ చేసిన ఏడు ఘోర తప్పులు. నిజమైన అభిమాని అయితే పదిమందికి పంపండి." కింద నల్ల గౌనులో ఆ కథలోని మాస్టారు స్నేప్ ఫోటో, చుట్టూ గులాబీలు, పైన వంకర అక్షరాల్లో అతని ప్రేమ డైలాగు 'ఆల్వేస్' (ఎప్పటికీ).

నేను నిజమైన అభిమానినో కాదో తెలీదు. 2007 జూలై 21, శనివారం నాడు ఏడో పుస్తకం కొని, నిద్ర మానేసి చదివి, ఆదివారం సాయంత్రం చివరి అధ్యాయం చూసి పుస్తకాన్ని మంచం మీదికి విసిరేసినవాణ్ణి. కాబట్టి ఆ ముగింపుని తిట్టడం నాకు కొత్త కాదు, తిట్టేవాళ్ల మీద కోపమూ లేదు. చదివి తిట్టండి బాబూ అనే నా గొడవంతా.

మొదటి పాయింటు: చచ్చిపోయిన హ్యారీ లేచి రావడం పాఠకుల్ని మోసం చేయడమట. ఈ మాట వేరే ఎవరన్నా అంటే సరేలే అనుకునేవాణ్ణి. బాలనాగమ్మ కథ విని పెరిగినవాళ్లు కూడా అంటే ఎలా? మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందంటే నోరు తెరుచుకుని విన్నాం కదా. విలన్ వోల్డెమార్ట్ ప్రాణం ముక్కలు డైరీలో, ఉంగరంలో, పాములో ఉన్నాయంటే మనకి అస్సలు ఇబ్బంది లేదు. హ్యారీలో కూడా ఒక ముక్క ఉంది, సరే. ఇక మిగిలిన సగం: నాలుగో పుస్తకంలో స్మశానంలో వోల్డెమార్ట్ హ్యారీ రక్తం తీసుకుని దాంతో తన ఒంటిని మళ్లీ కట్టుకున్నాడు. ఆ సంగతి విన్నప్పుడు హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ కళ్లలో ఒక్క క్షణం గెలిచినవాడి మెరుపు కనిపించిందని హ్యారీకి అనిపిస్తుంది. ఆ మెరుపెందుకో మూడు పుస్తకాల తర్వాత తెలుస్తుంది. హ్యారీని కాపాడుతూ చనిపోయిన తల్లి లిలీ ఇచ్చిన రక్షణ ఆ రక్తంలోనే ఉంది. అది వాడి ఒంట్లో ఉన్నంతకాలం హ్యారీ ప్రాణానికి ఆధారం ఉన్నట్టే. అంటే ఇక్కడ ఫకీరే వెళ్లి రాజకుమారుడి చిలకకి పంజరంగా మారాడు. దీన్ని మోసం అనడం కాదు, ఎనిమిదో తరగతి పిల్లాడైనా లేచి చప్పట్లు కొట్టాలి.

రెండోది, ఎల్డర్ వాండ్ అనే మహా మంత్రదండం లాజిక్ అప్పటికప్పుడు పుట్టించారని. అప్పటికప్పుడు కాదు. డంబుల్‌డోర్ చేతిలోంచి ఆ దండాన్ని హ్యారీ తోటి విద్యార్థి డ్రాకో మాల్ఫాయ్ ఎగరగొట్టింది ఆరో పుస్తకంలో, 2005లో. డ్రాకో చేతిలోంచి వాడి దండాన్ని హ్యారీ లాక్కున్నది ఏడో పుస్తకం మధ్యలో, మాల్ఫాయ్ ఇంట్లో. ఓడించి దండం లాక్కున్నవాడికే ఎల్డర్ వాండ్ మీద హక్కు, కాబట్టి మెట్లన్నీ కట్టే ఉన్నాయి. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. అందరూ చుట్టూ నిలబడి చూస్తుంటే, చంపడానికి వచ్చినవాడి ఎదుట హ్యారీ ఆ యాజమాన్యం లెక్కంతా విడమర్చి చెబుతుంటే, పొలం గట్టు తగాదాలో పాత దస్తావేజులు చదువుతున్న వకీలే గుర్తొచ్చాడు నాకు. ఫలానా రాత్రి ఫలానా బురుజు మీద ఫలానావారి నుంచి ఫలానావారికి హక్కు సంక్రమించినందున... వోల్డెమార్ట్ అంతసేపు ఎలా విన్నాడో! లాజిక్ ఉంది, చెప్పిన పద్ధతే చప్పగా ఉంది. సగం మార్కులు మీకే.

రాన్‌కి ఇచ్చిన హెర్మయనీని (ముగ్గురూ ప్రాణ స్నేహితులు) హ్యారీకి ఇవ్వాల్సిందని రౌలింగే ఒప్పుకుందన్నది మూడోది. 2014లో, సినిమాల్లో హెర్మయనీ వేషం వేసిన ఎమ్మా వాట్సన్‌తో మాట్లాడుతూ, రాన్‌తో జత కలపడంలో సాహిత్యం కంటే తను మొదట అనుకున్న కథని వదల్లేకపోవడమే ఎక్కువ ఉందని ఆవిడ అన్నమాట నిజం. కొంచెం కౌన్సెలింగ్ తీసుకుంటే ఆ ఇద్దరూ బాగానే ఉంటారని కూడా అదే చోట అంది. ఆ రెండో సగం ఫార్వర్డ్‌లో ఉండదు. పైగా హెర్మయనీ నాకు చెల్లెలి లాంటిదని హ్యారీ రాన్‌తో చెప్పేశాక ఇంకా సంబంధాలు చూడటం ఏమిటండీ, మనం పెళ్లిళ్ల పేరయ్యలమా?

నాలుగోది, అనవసరంగా అందర్నీ చంపేశారు. అది యుద్ధం. తర్వాతిది.

ఆరోది, సినిమా ముగింపే మేలని. 2011 సినిమాలో హ్యారీ ఎల్డర్ వాండ్‌ని పుటుక్కున విరిచి లోయలోకి విసిరేస్తాడు. పుస్తకంలో, ఆ మహా దండంతో అతను చేసే ఒకే ఒక్క పని విరిగిపోయిన తన పాత దండాన్ని అతికించుకోవడం. ప్రపంచంలోకెల్లా బలమైన ఆయుధం చేతికొస్తే దాంతో తన పాత చెప్పు కుట్టించుకున్నవాడు ఎక్కువా, విరిచి పారేసినవాడు ఎక్కువా? ఇంకొకటి. సినిమాలో వోల్డెమార్ట్ ఖాళీ ఆవరణలో బూడిద రేకుల్లా ఎగిరిపోతాడు. పుస్తకంలో భోజనాల హాల్లో, వందలమంది చూస్తుండగా, అందరి శవాల్లాగే నేల మీద పడతాడు. మరణానికి భయపడి ప్రాణాన్ని ముక్కలు చేసుకున్నవాడికి అందరిలాంటి చావు రావడమే అసలు శిక్ష. గ్రాఫిక్స్ వాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక ఐదోది. దీనికోసమే కూర్చున్నాను.

ఉన్నదున్నట్టు దించుతున్నాను: "అసలైన హీరో స్నేప్. జీవితమంతా ఒక్క అమ్మాయినే మౌనంగా ప్రేమించాడు. అలాంటి ప్రేమను కాదన్న లిలీ దురదృష్టవంతురాలు. నిజమైన ప్రేమంటే ఏమిటో ఈ కాలం అమ్మాయిలు స్నేప్‌ని చూసి నేర్చుకోవాలి." దీని కింద మా ఇంటర్ గ్రూపులో పదిహేడు నమస్కారం బొమ్మలు, ఆరు ఏడుపు ముఖాలు.

లిలీ ఎందుకు కాదందో ఒక్కరైనా గుర్తు తెచ్చుకున్నారా? అందరి ముందూ ఆమెని మడ్‌బ్లడ్ అన్నాడు. మంత్రగాళ్లు కాని తల్లిదండ్రులకి పుట్టినవాళ్లని తిట్టే ఆ మాట బరువేమిటో ఇంగ్లిష్ పాఠకులకి వివరించాలేమో గానీ, కులం పేరు పెట్టి తిట్టడం ఎలా ఉంటుందో తెలిసిన మనకి వివరించనక్కర్లేదు. అదీ తనకి సాయం చేయడానికి వచ్చిన పిల్లని. ఆ రాత్రి క్షమాపణ అడగడానికి వస్తే ఆమె ఒకటే ప్రశ్న వేసింది: నాలా పుట్టిన వాళ్లందర్నీ అదే మాట అంటావు కదా, నాకొక్కదానికీ మినహాయింపు ఎందుకు? దానికి అతని దగ్గర జవాబు లేదు. మీ ఫార్వర్డ్ దగ్గరా లేదు. అన్నేళ్లు తన స్నేహితురాళ్ల ముందు అతన్ని వెనకేసుకొచ్చి, ఇక చాలనుకుని వదిలేసిన పదహారేళ్ల పిల్ల దురదృష్టవంతురాలట!

తర్వాత? వోల్డెమార్ట్ ఆ కుటుంబాన్ని చంపబోతున్నాడని తెలిసి, వాడి అనుచరుడైన స్నేప్ లిలీని ఒక్కదాన్నీ వదిలేయమని ఆ యజమానినే అడిగాడు. మొగుడూ, ఏడాది పిల్లాడూ చచ్చినా ఫరవాలేదు. అది విని డంబుల్‌డోర్ అన్నమాట, నిన్ను చూస్తే నాకు అసహ్యం వేస్తోందని. స్నేప్‌ని అందరికంటే ఎక్కువ నమ్మిన మనిషి అన్నమాట అది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి, లిలీ రాసిన పాత ఉత్తరం దొరికితే, ఆమె సంతకం ఉన్న కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఫోటో చించి నవ్వుతున్న ఆమె సగం దాచుకున్నాడు, భర్తా బిడ్డా ఉన్న సగం బీరువా కిందికి విసిరేశాడు. అనాథ పిల్లాడికి మిగిలిన నాలుగు జ్ఞాపకాల్లో అదొకటి. మీరు గులాబీలు పెట్టింది ఆ చింపిన చేతికి.

మన సినిమాల్లో ఒక పద్ధతి ఉంది. అమ్మాయి వద్దన్నా హీరో రెండు గంటలు వేధిస్తాడు, చివరి పావుగంటలో ఒక త్యాగం చేస్తాడు, పాత బాకీలన్నీ మాఫీ. స్నేప్‌ని కూడా ఆ ఖాతాలోనే వేసేశాం. అందుకు కారణం స్నేప్ వేషం వేసిన అలన్ రిక్‌మన్ అని నా అనుమానం. ఆ గొంతు వింటే ఎవరైనా పడిపోతారు. కానీ మొదటి పుస్తకంలో స్నేప్‌కి 31 ఏళ్లే, తెర మీద కనిపించేంత పెద్దవాడు కాదు. సినిమాలో పోయిన లిలీని ఒళ్లో పెట్టుకుని ఏడ్చే ఘట్టం ఉంది చూశారూ, పుస్తకంలో అది లేనే లేదు. మీరు ఫార్వర్డ్ చేస్తున్నది పుస్తకాన్ని కాదు, ఆ నటుణ్ణి.

ఇంతకంటే నాకు మంటగా ఉన్నది హ్యారీ క్లాసులోని నెవిల్ సంగతి. తన తల్లిదండ్రుల్ని హింసించి పిచ్చివాళ్లని చేసిన వాళ్లున్న లోకంలో, పదమూడేళ్ల ఆ పిల్లాడు అన్నిటికంటే ఎక్కువ భయపడేది పాఠం చెప్పే మాస్టారు స్నేప్‌కి. వాడు కాచిన మందుని వాడి కప్పకే తాగించి చూస్తానని, క్లాసు అందరి ముందూ ముచ్చటపడి మరీ బెదిరించాడు. శాపం తగిలి హెర్మయనీ పళ్లు గడ్డం దాటి పెరిగిపోతే, నాకేం తేడా కనిపించడం లేదన్నాడు. పదిహేనేళ్ల పిల్లతో! నాకూ ఇంటర్లో ఒక లెక్కల లెక్చరర్ ఉండేవారు. పేపర్లు ఇచ్చేటప్పుడు తక్కువ మార్కులవాళ్లని పేరుతో కాకుండా మార్కులతో పిలిచేవారు. రెండేళ్లు నా పేరు 'ఇరవై మూడు'. ఆయనకీ గుండెలో ఏదో గొప్ప విషాదం ఉండే ఉంటుంది. ఉంటే ఉండనివ్వండి, మా పాపమేమిటి?

అయితే స్నేప్‌లో ఏమీ లేదా? ఉంది. ఆ 'ఆల్వేస్' ఉన్న అధ్యాయంలోనే ఉంది, మీరు చదవలేదు. ఎంతమంది చావు చూశావని డంబుల్‌డోర్ అడిగితే, ఈమధ్య చూసింది కాపాడలేకపోయిన వాళ్ల చావే అంటాడు. లిలీ ఒక్కతే బతికితే చాలన్న మనిషి, ముక్కూ మొహం తెలియని వాళ్లని కాపాడాలని చూసేంత దూరం వచ్చాడు. నన్ను ఏడిపించిన మాట అది. టీషర్టు మీద వేయాలంటే 'ఆల్వేస్' కాదు, దాన్ని వేయండి. కొడుక్కి స్నేప్ పేరు (సెవెరస్) ఎందుకు పెట్టానో చెబుతూ హ్యారీ కూడా, బహుశా నేను చూసినవాళ్లలోకెల్లా ధైర్యవంతుడు అంటాడు. మంచివాడు అనలేదు, ప్రేమికుడు అంతకన్నా అనలేదు. ఆ తేడా తెలియకుండా పదిమందికి పంపమంటున్నారు.

ఏడోది చివరి అధ్యాయం గురించి. పెళ్లిళ్లు, పిల్లలు, రైలు, శుభం, చెత్త అని. 2007లో నేను పుస్తకం విసిరింది దీనికే. పందొమ్మిదేళ్ల తర్వాత, 2017 సెప్టెంబర్ 1న కింగ్స్ క్రాస్ స్టేషన్లో అందరూ పిల్లల్ని రైలెక్కిస్తున్నారు. మాటలు పేలవం, జోకులు నీరసం. ఇప్పటికీ అదే అంటాను.

కానీ రెండు వాక్యాలు ఇన్నేళ్లుగా నన్ను వదల్లేదు. ఒకటి టెడ్డీ గురించి. తల్లిదండ్రులు లూపిన్, టాంక్స్ యుద్ధంలో చనిపోయేనాటికి వాడు పసిగుడ్డు. వాడు వారంలో నాలుగు రోజులు మనింట్లోనే భోంచేస్తున్నాడు కదా, ఇక్కడే ఉండిపొమ్మంటే పోలేదా అంటాడు హ్యారీ. మా తాతయ్య వారాలు చేసుకుని చదువుకున్న మనిషి. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. ఆదివారానికి ఇల్లు కుదరక ఏడాదిపాటు ఆ రోజు మంచినీళ్లతో గడిపానని చెప్పేవారు. ఏ ఇంట్లో అయినా రెండోసారి అన్నం అడగడానికి నోరు వచ్చేది కాదట. మెట్ల కింద గూట్లో పెరిగిన హ్యారీ, తనలాంటి ఇంకో అనాథకి రోజు లెక్క లేకుండా కంచం పెడుతున్నాడు. దాని గురించి ఒక్క ముక్క గొప్పగా చెప్పకుండా, విసుక్కుంటున్నట్టు చెబుతున్నాడు. రౌలింగ్ ఏడు పుస్తకాలు రాసి చేరిన చోటు అదేనని నాకనిపిస్తుంది.

రెండోది నెవిల్ గురించి. నెవిల్‌కి మా ప్రేమ చెప్పు అని హ్యారీ భార్య జిన్నీ అంటే, ప్రొఫెసర్‌కి ప్రేమ ఎలా చెబుతానమ్మా అని కొడుకు సిగ్గుపడతాడు. ఆ కప్ప పిల్లాడు మాస్టారయ్యాడు! పిల్లలు ఇంటి నుంచి ప్రేమ మోసుకెళ్లగలిగే మాస్టారు. స్నేప్ గురించి పుస్తకం ఏమనుకుంటోందో తెలుసుకోవాలంటే ఇక్కడ చూడాలి.

ఇంతటితో ఆపేద్దునుగానీ, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చిన కాపీలో ఏడో పాయింటు కింద ఒక లైను అదనంగా ఉంది. మిగతా మూడింటిలో లేదు. "అంతా అయ్యాక హ్యారీ శాండ్‌విచ్ ఎవర్ని అడిగాడు?"

లేచి పుస్తకం తీశాను. నిజమే. ముప్ఫయ్యారో అధ్యాయం ఆఖరి ముక్క. యుద్ధం ముగిసింది. బడి వంటింట్లో బానిసలుగా పనిచేసే పొట్టి జీవులైన ఎల్ఫ్‌లు కత్తులు పట్టుకుని వచ్చి పోరాడారు. తనని కాపాడి చనిపోయిన ఎల్ఫ్ డాబీకి హ్యారీ మంత్రం వాడకుండా తన చేతులతో గొయ్యి తవ్వి ఎన్నాళ్లో కాలేదు. ఎల్ఫ్‌ల ప్రాణాల గురించి ఆలోచించినందుకే హెర్మయనీ పరిగెత్తుకెళ్లి రాన్‌ని ముద్దుపెట్టుకుంది. ఇంత జరిగాక హ్యారీ, మంచం మీదికి తన ఎల్ఫ్ క్రీచర్ ఒక శాండ్‌విచ్ తెచ్చిపెడతాడేమో అనుకుంటాడు. బానిసని విడిపించే ఊసు ఎక్కడా లేదు. నాలుగో పుస్తకం నుంచి ఎల్ఫ్‌ల హక్కుల కోసం బ్యాడ్జీలు పట్టుకుని తిరిగిన హెర్మయనీ పోరాటం ఏమైందో చివరి అధ్యాయంలోనూ ఒక్క మాట లేదు. ఇన్నిసార్లు చదివినా ఆ శాండ్‌విచ్ నా కంట పడలేదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

మా బ్లాకులో ఆ లైను ఎవరు చేర్చారో తెలిస్తే చెప్పండి. టీకి పిలవాలని ఉంది.