మామిడిపండు నొక్కే హక్కు ఎవరికి?

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దమనుషులకు ఏడాదిలో పది నెలలు రాజకీయాలు, రెండు నెలలు మామిడిపళ్లు. నేనూ ఆ సభలో సభ్యుణ్ణే. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినంత మాత్రాన మన సువర్ణరేఖ దానికి తీసిపోతుందా అనే చర్చ కాళీమాత గుడి దగ్గర మొదలైతే సబ్‌మెరైన్ మ్యూజియం దాటినా తెగదు. ఇరవై ఏళ్లుగా సువర్ణరేఖ తరఫున వాదిస్తున్నది నేనే.

ఈ మే నెల మొదట్లో మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. అప్పుడు బయటపడిందొక చేదు నిజం. నలభై ఆరేళ్లొచ్చినా నేను ఇంతవరకు ఒక్క మామిడిపండు కొనలేదు, ముగ్గబెట్టలేదు, కోయలేదు. మొదట అమ్మ, తర్వాత మా ఆవిడ ప్లేటులో పెట్టి ఇచ్చారు. నాకు తెలిసిన మామిడిపండు పసుపుపచ్చగా, నలుపలకలుగా ఉంటుంది. దానికో ఫోర్కు గుచ్చి ఉంటుంది.

అయినా వాదించేవాడికి భయమేమిటని పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. కనబడ్డ మొదటి కాయని బొటనవేలితో నొక్కాను.

"ఏటి బాబూ, అదేటి కాలింగ్ బెల్లా? నొక్కితే కాయ కందిపోద్ది" అంది అమ్మే ఆవిడ. ఆ వెంటనే పరీక్ష పెట్టింది: "కోసుకు తింటారా, జుర్రుకుంటారా? ఇయాలకా, ఆదివారానికా?"

ఏ ఆఫీసులోనూ నన్నింత సూటిగా ఎవరూ ప్రశ్నించలేదు. అన్నిటికీ తలూపి, ఆమె చెప్పేది వినకుండా, బాగా ఎర్రగా ఉన్న సువర్ణరేఖలు ఓ డజను, పక్కనున్న చిన్నరసాలు ఓ డజను ఏరుకున్నాను. సువర్ణరేఖ బుగ్గలు పచ్చికాయగా ఉన్నప్పుడూ ఎర్రగానే ఉంటాయట. దాని వకీలుకి ఆ సంగతి ఇరవై ఏళ్లుగా తెలియదు. ముదిరిన కాయకి తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బి ఉంటాయి, చూడవలసింది అక్కడ. నేను చూసింది బుగ్గలు. (మగాళ్లం, ఏం చేస్తాం.)

ఇంటికొచ్చి అన్నీ ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి ఫోనులో మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పచ్చికాయ చలిలో పండుతుందాండీ? తీసి బియ్యం డబ్బాలో పెట్టండి" అంది చివరికి. పండే కాయ నుంచి ఎథిలీన్ అనే వాయువు వస్తుంది. అది బయటకు పోకుండా పట్టి ఉంచడానికే వరిగడ్డి అయినా, బియ్యం డబ్బా అయినా. కార్బైడుతో ముగ్గబెట్టడం మన దేశంలో నిషేధమని బీచ్‌లో అరగంట ఉపన్యసించగలను గానీ, ఈ చిన్న సంగతి నా సిలబస్‌లో లేదు. పండిందేమోనని గంటకోసారి డబ్బా మూత తీశాను. తీసినప్పుడల్లా ఆ వాయువు కాస్తా వంటింటికి ధారాదత్తమైంది.

నాలుగో రోజు ఇల్లంతా వాసన. పై ఫ్లాటువాళ్లు కూడా "ముగ్గాయా?" అని అడిగారు. ఇక తినడం. పీచున్న రసాన్ని కత్తితో కోశాను, కోసుకు తినవలసిన సువర్ణరేఖని పిసికాను. రసమేమో కత్తికి చిక్కక పలక మీద జారింది, సువర్ణరేఖ బనియను మీద పడింది. చివరికి ఇంకో రసం తీసుకుని, ముచ్చిక దగ్గర మొదట కారే జీడిని పిండి పారబొయ్యకుండా నేరుగా నోట్లో పెట్టుకున్నాను. మర్నాడు పెదవి మూల కాలింది. వాకింగ్ మిత్రులు చూసి "వేడి చేసింది" అని ఏకగ్రీవంగా తీర్మానించారు. వాళ్లలో ఎవరూ పండు కొన్నవాళ్లు కారని నాకిప్పుడు గట్టి అనుమానం.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. బండి నడపడానికి లెర్నర్ లైసెన్సు ఉన్నప్పుడు మామిడికాయ నొక్కడానికి ఎందుకుండకూడదు? కొత్తవాడి చేతికి ముందు కలెక్టరు రకం (అదే, తోతాపురి) కాయ ఇవ్వాలి. పచ్చిగా ఉన్నా ఉప్పూకారంతో తినెయ్యొచ్చు, పండినా తినొచ్చు. ఏ ప్రభుత్వం వచ్చినా పనికొచ్చేవాడే కలెక్టరు. అందులో పాసైతే బంగినపల్లి. రసాలు మాత్రం ఇద్దరు ఆడవాళ్ల హామీ సంతకం ఉంటేనే. లైసెన్సు లేనివాళ్లు బీచ్ రోడ్డులో మామిడి గురించి మాట్లాడితే జరిమానా.

ఆదివారం మా ఆవిడ వచ్చింది. డబ్బాలో మిగిలిన ఒక్క సువర్ణరేఖని తీసి, నొక్కలేదు, ముచ్చిక దగ్గర వాసన చూసి, "రేపటికి" అని మళ్లీ బియ్యంలో పెట్టేసింది. సోమవారం పొద్దున్న ప్లేటులో పసుపుపచ్చటి ముక్కలు, ఫోర్కు. తిని, బూట్లు తొడుక్కుని, బంగినపల్లి పక్షం వాళ్ల పని పట్టడానికి బీచ్‌కి బయల్దేరాను.