మూడో అధికరణం నుంచి జారిపోయిన షరతు

2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. సరిగ్గా మూడు వారాలకు, ఫిబ్రవరి 20న, రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించింది. లోక్‌సభ అంతకు రెండు రోజుల ముందే ఆ పని పూర్తి చేసింది. రాష్ట్ర శాసనసభే వద్దన్న విభజన ఎలా చెల్లుతుందని సీమాంధ్రలో చాలామంది ఆవేదనతో అడిగారు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం చెల్లుతుంది. కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయడానికైనా, ఉన్న రాష్ట్రం సరిహద్దులు, పేరు మార్చడానికైనా పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. బిల్లు పెట్టడానికి రాష్ట్రపతి సిఫారసు ఉండాలి, సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి. అడగడం వరకే విధి. ఆ అభిప్రాయానికి కట్టుబడాలన్న నియమం లేదు.

ఇంత అధికారాన్ని కేంద్రం చేతిలో ఎందుకు పెట్టారో రాజ్యాంగ సభ చర్చలు చదివితే తెలుస్తుంది. ఆ చర్చలో ఉదాహరణగా నిలిచింది ఆంధ్రులే. విభజన గురించి మన రెండు రాష్ట్రాల్లో ఇన్నేళ్లుగా ఇంత వాదులాట జరిగినా ఈ సంగతి ఎవరూ పెద్దగా తలచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1948 నవంబరులో ముసాయిదా రాజ్యాంగంపై అధికరణాల వారీ చర్చ మొదలైంది. బీహార్ నుంచి సభకు ఎన్నికైన ఆర్థికవేత్త కె.టి.షా మూడో అధికరణానికి ఒక సవరణ ప్రతిపాదించారు. రాష్ట్రాన్ని విడదీసే ప్రతిపాదన ఏదైనా ఆ రాష్ట్ర శాసనసభ నుంచే పుట్టాలన్నది దాని సారం. వినగానే ఎవరికైనా సబబుగానే తోస్తుంది. దాన్ని గట్టిగా వ్యతిరేకించిన వ్యక్తి మద్రాసు రాష్ట్రానికి చెందిన తమిళ నాయకుడు కె.సంతానం. మద్రాసు సంగతే చూడండి, అన్నారాయన. ఆంధ్రులు వేరుపడాలని కోరుకుంటున్నారు. శాసనసభలో తీర్మానం పెడతారు. మెజారిటీ సభ్యులు దాన్ని ఓడిస్తారు. అక్కడితో ఆంధ్రుల దారి పూర్తిగా మూసుకుపోతుంది. షా సవరణ రాష్ట్రంలోని మెజారిటీకి నిరంకుశాధికారం కట్టబెట్టడమే అవుతుందని సంతానం హెచ్చరించారు. సవరణ వీగిపోయింది.

సంతానం చెప్పింది న్యాయమేనని నా అభిప్రాయం. ఆయన ఉదాహరణలో మద్రాసు బదులు హైదరాబాద్ అని, ఆంధ్రుల బదులు తెలంగాణ అని పెట్టి చదవండి. ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో 294 స్థానాలుంటే తెలంగాణకు ఉన్నవి 119. ఆ 119 మందీ పార్టీలకు అతీతంగా ఒక్కటై లేచి నిలబడినా తీర్మానం నెగ్గదు. 1948లో ఆంధ్రుల కోసం తెరిచి ఉంచిన తలుపులోంచే 2014లో తెలంగాణ నడిచి వచ్చింది. ఒకప్పుడు తమకు రక్షణగా నిలిచిన నియమం తర్వాత తమకే ఎదురు తిరిగిందని కోస్తా, రాయలసీమ ప్రజలకు అనిపించి ఉంటే దాన్ని అర్థం చేసుకోగలను. కానీ నియమం రెండుచోట్లా ఒకే పని చేసింది. పెద్ద రాష్ట్రంలో సంఖ్యాబలం లేని ప్రాంతానికి దారి చూపింది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. 1948 ఫిబ్రవరిలో ప్రచురించిన ముసాయిదాలో మూడో అధికరణం ఇప్పుడున్నట్టు లేదు. అందులో ఒక షరతు ఉండేది. ఏ ప్రాంతం విడిపోవాలో ఆ ప్రాంతం నుంచి శాసనసభకు ఎన్నికైన సభ్యుల్లో సగానికి పైగా రాష్ట్రపతికి విజ్ఞప్తి చేయాలి, లేదా సంబంధిత రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటి జరిగితేనే కేంద్ర ప్రభుత్వం బిల్లు పెట్టగలదు. సంతానం భయానికి ఈ షరతులోని మొదటి సగమే సమాధానం. మద్రాసు సభలో ఆంధ్ర సభ్యులు మైనారిటీయే కావచ్చు, ఆంధ్ర ప్రాంతంలో వాళ్లే మెజారిటీ. ఆ మాట చాలు, ఢిల్లీ తలుపు తట్టవచ్చు. మరోవైపు, ఎవరూ అడగని విభజనను ఢిల్లీ తనంతట తాను తెచ్చి నెత్తిన పెట్టడానికి వీల్లేదు.

చర్చ మొదలయ్యేసరికి ఈ షరతు మాయమైంది. దాని స్థానంలో అంబేడ్కర్ తెచ్చిన సవరణ కొత్త ఏర్పాటు చేసింది. రాష్ట్రపతి సిఫారసు కావాలి. బ్రిటిష్ పాలనలోని ప్రావిన్సుల విషయంలో శాసనసభ అభిప్రాయం తెలుసుకుంటే చాలు. సంస్థానాల విషయంలో మాత్రం ముందస్తు సమ్మతి తప్పనిసరి. ప్రావిన్సులకు సార్వభౌమాధికారం లేదు, సంస్థానాలకు ఇంకా ఉంది, అందుకే ఈ తేడా అని ఆయన వివరించారు. 'అభిప్రాయం తెలుసుకోవడం' అన్న పద్ధతి 1935 భారత ప్రభుత్వ చట్టం 290వ సెక్షన్‌లో ఉన్నదే. ప్రావిన్సుల హద్దులు మార్చేటప్పుడు లండన్ ప్రభుత్వం ఇక్కడి చట్టసభలను అడిగే తీరు అది. స్వతంత్ర దేశం ఆ తీరును అలాగే నిలుపుకుంది.

ఆ రోజుల పరిస్థితిని మరిచి ఇప్పుడు తీర్పు చెప్పడం సులభం. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్నాయి. హైదరాబాద్‌లోకి సైన్యం ప్రవేశించి రెండు నెలలే అయింది. వందలాది సంస్థానాలను కలుపుకుంటూ దేశపటం రోజుకో రూపంలో మారుతోంది. భాషా ప్రావిన్సుల సంగతి తేల్చడానికి రాజ్యాంగ సభ అధ్యక్షుడు నియమించిన ధర్ కమిషన్ ఆ డిసెంబరులోనే అవి వద్దని నివేదిక ఇచ్చింది. హద్దుల విషయంలో చేతులు కట్టేసుకుంటే దేశం నిలబడదన్న భయం నిజమైనదే. 1949లో తుది పాఠం సిద్ధమయ్యేసరికి సంస్థానాల సమ్మతి కూడా పోయింది. అందరికీ ఒకే నియమం, అభిప్రాయం అడగడం. ఆ సభలో హైదరాబాద్ సంస్థానానికి ప్రతినిధులే లేరన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. తెలంగాణ భవిష్యత్తును రెండుసార్లు నిర్ణయించిన అధికరణం రాసేటప్పుడు ఆ గడ్డ తరఫున మాట్లాడేందుకు అక్కడ ఎవరూ కూర్చుని లేరు.

అంటే రాజీ ఇలా కుదిరింది. రాష్ట్రంలోని మెజారిటీ నుంచి ప్రాంతాన్ని కాపాడారు, ఆ కాపాడే అధికారాన్ని పార్లమెంటులోని మెజారిటీ చేతిలో పెట్టారు. ఈ రెండు మెజారిటీల మధ్య ప్రాంతం గొంతు ఎక్కడా లేకుండా పోయింది.

దాని ఫలితం మొదట అనుభవించింది ఆంధ్రులే. దారి మూసుకుపోకూడదని సంతానం ఎవరి పేరు చెప్పి వాదించారో వాళ్లకు ఆ దారి రాజ్యాంగం అమల్లోకి వచ్చిన వెంటనే తెరుచుకోలేదు. నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చని 1949 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా నగరం పేచీ తెగలేదు, రాష్ట్రం రాలేదు. ఆంధ్ర శాసనసభ్యులు ఎంతమంది అడిగినా కేంద్రం కదలాలన్న నిబంధన రాజ్యాంగంలో లేదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజులకు, డిసెంబరు 15న, ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ముసాయిదాలోని ఆ ఒక్క షరతు బతికి ఉంటే ఆ ప్రాణం కూడా నిలిచేదని చెప్పలేను. షరతు ఉన్నా పార్లమెంటు కాదనవచ్చు, నగరం పేచీ అలాగే ఉండవచ్చు. కానీ ఒక ప్రాంతం కోరికను అధికారికంగా నమోదు చేసి ముందు పెట్టే పద్ధతి ఉంటే, దాన్ని రుజువు చేయడానికి మనిషి చావాల్సిన అగత్యం తగ్గుతుందని నమ్ముతాను.

ప్రాంతం మాట అడగాలన్న ఆలోచన రెండోసారి 1955లో వచ్చింది. ఫజల్ అలీ అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ తెలంగాణను హైదరాబాద్ పేరుతో ప్రత్యేక రాష్ట్రంగా ఉంచాలని సూచించింది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే ఆంధ్రతో కలపవచ్చంది. ప్రాంతం సమ్మతి అన్న సూత్రాన్ని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేదు. 1956 ఫిబ్రవరిలో ఇరు ప్రాంతాల నాయకులు ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు, నవంబరు 1న విలీనం జరిగిపోయింది. ఆ ఒప్పందంలోని హామీలు నిలబడకపోవడమే 1969 ఉద్యమానికి, ఆ తర్వాతి సుదీర్ఘ పోరాటానికి మూలమని తెలంగాణలో ఇంటింటికీ తెలుసు.

ఇంతలో అధికరణం మరింత కేంద్రం వైపు ఒరిగింది. 1955లో ఐదో సవరణ శాసనసభ అభిప్రాయానికి గడువు పెట్టే అధికారం రాష్ట్రపతికి ఇచ్చింది. గడువులోగా సమాధానం రాకపోతే బిల్లు ఆగదు. మూడు ముక్కలుగా ప్రతిపాదించిన బొంబాయి రాష్ట్రాన్ని 1956లో పార్లమెంటు ఒకే ద్విభాషా రాష్ట్రంగా మార్చినప్పుడు, మారిన బిల్లును మళ్లీ శాసనసభకు పంపనక్కర్లేదని సుప్రీంకోర్టు బాబూలాల్ పరాటే కేసులో తేల్చింది. ఒక పటం చూపించి అభిప్రాయం అడిగి, మరో పటానికి చట్టం చేయవచ్చన్నమాట.

రాష్ట్రమే కోరినా ఫలితం ఉండాలని లేదు. ఉత్తరప్రదేశ్‌ను నాలుగు రాష్ట్రాలుగా విభజించాలని 2011 నవంబరులో అక్కడి శాసనసభ తీర్మానించింది. అది కాగితం మీదే ఉండిపోయింది.

ప్రాంతానికి ఇలాంటి హక్కు ఇస్తే ప్రతి జిల్లా రాష్ట్రం కావాలంటుందని వాదించేవారున్నారు. ముసాయిదా షరతును సరిగా చదివితే ఆ భయానికి ఆస్కారం లేదు. అది బిల్లు పెట్టడానికి కావలసిన అర్హత మాత్రమే. బిల్లును నెగ్గించాలా వద్దా అన్నది చివరికి పార్లమెంటు ఇష్టమే. ఇంకో చిక్కు మాత్రం నిజంగా ఉంది. మద్రాసు, హైదరాబాద్ లాంటి ఉమ్మడి నగరాలు ఏ ప్రాంతానివో లెక్క తేల్చడం ఈ షరతు వల్ల కాదు. అందుకు విడిపోయే ఇరుపక్షాలు కూర్చుని రాతపూర్వకంగా ఒప్పుకునే పద్ధతి కావాలి. 2014లో మనం కోల్పోయింది అదే. శాసనసభ మాట లెక్కలోకి రాదని ముందే తెలిసినప్పుడు బేరసారాలు సభ బయట జరుగుతాయి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా అన్నది రాజ్యసభలో ప్రధాని నోటిమాటగానే వచ్చింది, చట్టంలోకి ఎక్కలేదు. విభజన చట్టం తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల పంపకం హైదరాబాద్ ఉమ్మడి రాజధానిగా ఉన్న పదేళ్ల గడువు ముగిసే నాటికి కూడా తెగలేదు.

ప్రాంతం సమ్మతి అన్న మాట దేశంలో ఒక్కచోట మాత్రం చాలాకాలం బతికింది. జమ్మూ కశ్మీర్ విస్తీర్ణాన్ని, పేరును, హద్దులను ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి లేకుండా మార్చే బిల్లు పెట్టకూడదని 1954 రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. 2019 ఆగస్టు 5న ఆ ఉత్తర్వే రద్దయింది. శాసనసభ అప్పటికే రద్దయి ఉంది, రాష్ట్రపతి పాలన నడుస్తోంది. రాష్ట్రం తరఫున అభిప్రాయం చెప్పే పనిని కూడా పార్లమెంటే చేసింది. అడిగేదీ తనే, చెప్పేదీ తనే. రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలయింది. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు లడఖ్ ఏర్పాటును సమర్థించింది. రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామని కేంద్రం చెప్పినందున, మొత్తం రాష్ట్రాన్నే ఇలా కేంద్రపాలిత ప్రాంతంగా మార్చవచ్చా అన్న అసలు ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది.

లేహ్ ప్రజలు కేంద్రపాలిత ప్రాంత హోదా కోసం దశాబ్దాలపాటు అడిగారు, కార్గిల్ ప్రజలు దాన్ని వ్యతిరేకించారు. ఇప్పుడు ఆ రెండు జిల్లాలూ కలిసి రాష్ట్ర హోదా కోరుతున్నాయి. 2019కి ముందు జమ్మూ కశ్మీర్ శాసనసభలో లడఖ్‌కు నాలుగు స్థానాలుండేవి. 1948 ముసాయిదా ప్రకారమైతే ఆ నలుగురిలో ముగ్గురు సంతకం చేసి రాష్ట్రపతికి పంపితే ఆ ప్రాంతం మాట నమోదయ్యేది. నేడు లడఖ్‌కు శాసనసభ లేదు. ఉన్నా, 1966లో మూడో అధికరణానికి చేర్చిన వివరణ ప్రకారం కేంద్రపాలిత ప్రాంతాల అభిప్రాయం అడగనక్కర్లేదు.