చేయి వాస్తుందని ముందే చెప్పగలిగితే

మా కర్నూలు వైపు పల్లెల్లో రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటుంటారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టించుకున్నవారిలో కొందరికి చర్మం కాస్త కమిలి, కొన్ని వారాల్లో మానిపోతుంది. అదే మోతాదు తీసుకున్న మరికొందరికి చంకలో చర్మం ఊడి రసి కారుతుంది. ఏళ్లు గడిచాక రొమ్ము గట్టిపడటమో, చేయి వాయడమో మొదలవుతుంది.

ఎవరికి ఏది వస్తుందో ముందే చెప్పే ప్రయత్నం ఐరోపాలో చాలా దూరం వచ్చింది. ఫ్రాన్స్ పరిశోధకులు రోగి రక్తపు నమూనాకు 8 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఇచ్చి, అందులోని తెల్లకణాలు ఎన్ని చనిపోయాయో లెక్కపెట్టారు. విచిత్రమేమిటంటే, ఎక్కువ కణాలు చనిపోయినవారికే తర్వాత రొమ్ము గట్టిపడే ముప్పు తక్కువగా కనిపించింది. 6,361 మంది రోగుల సమాచారంతో రూపొందిన, ‘ప్రీ-యాక్ట్’ అనే ఐరోపా పరిశోధన ప్రాజెక్టు వారి కృత్రిమ మేధ నమూనా, చేయి వాచేవారిని సగటున 81.6 శాతం, వాయనివారిని 72.9 శాతం సరిగ్గా గుర్తించిందని 2024లో ప్రకటించారు.

ఈ రెండో అంకె దగ్గరే నాకు సందేహం. వాపు రాని ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ‘వస్తుంది’ అని చెప్పినట్టే కదా. అలా చెప్పి, వాపు రాకుండా చేతికి బిగుతు తొడుగు వేసుకోమనడం చల్లని దేశంలో చిన్న జాగ్రత్తే కావచ్చు. ఆదోని చుట్టుపక్కల పత్తి తీసే కూలీకి మాత్రం, నలభై డిగ్రీలు దాటే ఎండలో ఆ తొడుగే ఒక శిక్ష, బరువులెత్తకూడదన్న మాట కూలికి గండి. తప్పుడు హెచ్చరిక ఖరీదు ఊరిని బట్టి మారుతుంది.

చర్మం విషయం ఇంకా చిక్కు. దుష్ప్రభావాలను కొలిచే అంతర్జాతీయ ప్రమాణంలో తొలి మెట్టు లేత ఎరుపు. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనబడదు, చర్మం నల్లబడుతుంది. డాక్టరు ఎరుపు కోసమే చూస్తే, మంటతో రాత్రంతా నిద్రపోని మనిషికి కూడా కేస్ షీట్‌లో ‘ఏమీ లేదు’ అనే పడుతుంది. అటువంటి రికార్డులతో నేర్చుకున్న నమూనా మన ఆడవాళ్ల గురించి ఏం చెప్పగలదు?

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. చంకలోని లింఫు గ్రంథులను ఎక్కువగా తీసేయడం, ఊబకాయం, పొగాకు వంటివి ముప్పును పెంచుతాయని ఎప్పుడో తేలింది. వీటిని రాసుకోవడానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు రెండు చేతుల చుట్టుకొలత టేపుతో కొలిచి రాసిపెట్టుకుంటే, తర్వాత వచ్చే వాపు తొలి దశలోనే దొరుకుతుంది. కానీ చికిత్స ముగిసిన మూడేళ్లకు ఆలూరు నుంచి రోగి మళ్లీ కర్నూలు ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీలు పోతాయి. ఆశా కార్యకర్త చేతికి ఆ టేపునిచ్చి కొలతలు ఫోనులో ఆసుపత్రికి చేరవేయిస్తే, మన జోస్యానికి కావలసిన లెక్క అక్కడ మొదలవుతుంది.