వర్గపోరుకి ఓ దేశం సరిపోతుందా

2019 జనవరి 15 రాత్రి బ్రిటన్ పార్లమెంటులో అప్పటి ప్రధాని థెరిసా మే గారు రెండేళ్ళు కష్టపడి తెచ్చిన బ్రెగ్జిట్ ఒప్పందం, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) లోంచి బయటికెళ్ళే ఒప్పందం, ఓటింగ్‌కొచ్చింది, 432–202 తో ఓడిపోయింది. 230 ఓట్ల తేడా. ఆధునిక కాలంలో అక్కడ ఏ ప్రభుత్వమూ ఇంత ఘోరంగా ఓడిపోలేదు. వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళలో 118 మంది ఆవిడ సొంత కన్సర్వేటివ్ ఎంపీలే. సరే, ఇంత జరిగాక ప్రభుత్వం పడిపోతుంది కదా అని ప్రతిపక్షం మర్నాడే అవిశ్వాసం పెట్టింది, అప్పుడు ఈ 118 మందీ నీట్‌గా వచ్చి మా ప్రభుత్వం మీద మాకు సంపూర్ణ విశ్వాసం ఉందని ఓటేసి 325–306 తో గట్టెక్కించి వెళ్ళారు. అంటే ప్రభుత్వానికున్న ఒకే ఒక్క పెద్ద పని మీద నమ్మకం లేదు, ప్రభుత్వం మీద మాత్రం బోలెడు నమ్మకం.

దీన్ని చూసి నవ్వేవాళ్ళకి రాజకీయం తెలీదని నా అభిప్రాయం. మన దగ్గర గాంధీభవన్ మెట్ల మీద కుర్చీలు విసురుకున్నాక మా పార్టీలో అంతర్గత ప్రజాస్వామ్యం ఎక్కువండీ అని ప్రెస్‌మీట్ పెట్టే సంప్రదాయం ఉంది కదా, ఆ సిద్ధాంతాన్ని ఒక అణ్వాయుధ దేశం మొత్తం మీద ప్రయోగించి చూస్తే ఏమవుతుందో బ్రిటన్ వాళ్ళు చేసి చూపించారు. మనం కుర్చీల దగ్గరే ఆగిపోయాం.

బ్రెగ్జిట్ ఎందుకు జరిగింది అంటే వలసలు, సార్వభౌమాధికారం, చేపల వేట, బ్రసెల్స్‌లో కూర్చుని ఈయూ పెట్టే రూల్స్ అని చెప్తారు. జనం ఎందుకు ఓటేశారంటే అవన్నీ నిజమే. కానీ అసలు రెఫరెండం, అంటే జనాన్నే నేరుగా అడిగే ఓటు, ఎందుకు పెట్టారు, పెట్టాక మూడున్నరేళ్ళు ఎందుకు సాగదీశారు అంటే మాత్రం ఒక పార్టీ ఆఫీసు లోపలికి వెళ్ళి వెతకాల్సిందే. 1 కోటీ 74 లక్షల మంది వెళ్ళిపోదాం అన్నారు, 1 కోటీ 61 లక్షల మంది ఉందాం అన్నారు, ఆ ఓట్లు 2016 జూన్ 23న ఒక్కసారి లెక్కపెట్టి పక్కన పెట్టేశారు. ఆ తర్వాత దేశాన్ని నడిపిన అంకెలు వేరే, 10, 21, 34, 48, 118, ఇలాంటి చిల్లర అంకెలు. ఇవే వారం వారం లెక్కపెట్టుకునేవాళ్ళు.

ఈ జబ్బు కొత్తది కాదు. 1990 లో థాచర్ అంతటి ఆవిడ దిగిపోవడానికి మొదటి తోపు యూరప్ గొడవ మీద రాజీనామా చేసిన ఆవిడ సహచరుడు జెఫ్రీ హౌ దగ్గర్నుంచే వచ్చింది. 1993 లో ప్రధాని జాన్ మేజర్ ఇంటర్వ్యూ అయిపోయిందనుకుని, మైక్ ఆన్‌లో ఉందని తెలీక, యూరప్ అంటే పడని తన మంత్రుల్ని ఇక్కడ రాయలేని మాట అనేశాడు. 2006 లో డేవిడ్ కామెరాన్ పార్టీ మహాసభలో నిలబడి, జనానికి స్కూళ్ళు పిల్లలు సంసారాలు ముఖ్యమైతే మనం యూరప్ యూరప్ అని వాయించుకుంటూ కూర్చున్నాం, ఇక ఆపండి అని అర్థం వచ్చేలా క్లాసు పీకాడు. ఆపారా? ఆపలేదు సరికదా ఏడేళ్ళు తిరిగేసరికి, ప్రధాని అయిన ఈయన చేతే రెఫరెండం పెడతానని మాట ఇప్పించుకున్నారు.

ఎందుకిచ్చాడంటే భయపడి ఇచ్చాడు, అదీ ఎదుటి పార్టీకి కాదు. యూకేఐపీ అని, ఈయూలోంచి బయటికి పోదామనే నైజెల్ ఫరాజ్ గారి పార్టీ ఒకటి టోరీ (కన్సర్వేటివ్‌లకి ముద్దుపేరు) ఓట్లు తినేస్తోంది, 2014 లో ఇద్దరు టోరీ ఎంపీలు అందులోకి దూకేశారు కూడా. 2015 ఎన్నికల్లో దానికి 12.6 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు ఎన్నొచ్చాయంటే ఒక్కటి. ఇక్కడుంది అసలు కిటుకు. నియోజకవర్గంలో ఫస్ట్ వచ్చినోడిదే సీటు అనే పద్ధతిలో చిన్న పార్టీ పెట్టి బతకడం కష్టం, మనకీ అదే పద్ధతి కాబట్టి వివరించక్కర్లేదు, అందుకని కొట్టుకోవాలనుకున్నవాళ్ళంతా బయటికి పోకుండా పెద్ద పార్టీలోనే ఉండి కొట్టుకుంటారు. కామెరాన్ ఏమనుకున్నాడంటే 1975 లో హెరాల్డ్ విల్సన్ కూడా ఇలాగే లేబర్ పార్టీలో యూరప్ గొడవ తీరక దేశాన్నే అడిగాడు, మంత్రుల్ని ఎవరికి నచ్చిన పక్షాన వాళ్ళని ప్రచారం చేసుకోమన్నాడు, 67 శాతంతో ఉందామనే వచ్చింది, గొడవ సద్దుమణిగింది, మనకీ అదే మందు పని చేస్తుందిలే అని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఈయన ఇంట గెలవలేక డైరెక్ట్‌గా రచ్చకెళ్ళాడు. 51.9 శాతంతో పోయింది. రాజీనామా ప్రకటించి, కొన్నాళ్ళకి మే గారికి ఎప్పుడు అప్పగిస్తాడో చెప్పి లోపలికి వెళ్తూ కూనిరాగం తీశాడు, అది మైక్‌లో రికార్డయింది. మైకులకీ టోరీ ప్రధానులకీ ఏదో జాతకం కలిసినట్టుంది.

బోరిస్ జాన్సన్ గారి సిద్ధాంత నిష్ఠ గురించి వేరే చెప్పాలి. రెఫరెండంలో ఏ పక్షాన ఉండాలో తేల్చుకోవడానికి ఆయన రెండు వ్యాసాలు రాసుకున్నాడు, వెళ్ళిపోదాం అని ఒకటి, ఉండిపోదాం అని ఒకటి, మొదటిది అచ్చుకి పంపాడు. రెండోది కూడా తర్వాత బయటపడింది, చదవడానికి అదీ బానే ఉంటుంది. గెలిచాక ప్రధాని పదవికి పోటీ చేద్దామని సరిగ్గా ప్రకటించబోయే రోజు పొద్దున్నే ఆయన ప్రచారం చూసుకుంటున్న మైకేల్ గోవ్, ఈయనకంత సీన్ లేదు నేనే నిలబడతా అని స్టేట్‌మెంట్ ఇచ్చాడు. బోరిస్ తప్పుకున్నాడు, గోవ్ గెలవలేదు, ఉండిపోదాం వైపు ఓటేసిన మే గారు వెళ్ళిపోయే కార్యక్రమానికి యజమానురాలయ్యారు.

ఆవిడకి మొదట్లో మెజారిటీ ఉంది. అది చాలదు, పార్టీలో అసమ్మతి నోరు మూయించాలంటే ఇంకా కావాలని 2017 లో ముందస్తుకి వెళ్ళి ఉన్నది కూడా పోగొట్టుకున్నారు, 317 దగ్గర ఆగిపోయారు. అప్పుడు నార్తర్న్ ఐర్లాండ్‌లోని డీయూపీ అనే పార్టీ వాళ్ళ 10 మంది ఎంపీల మద్దతు తీసుకుని వాళ్ళ ప్రాంతానికి 100 కోట్ల పౌండ్లు అదనంగా ఇస్తామన్నారు, అంటే తలకి 10 కోట్ల పౌండ్లు. జేబులోకి కాదులెండి, ఆసుపత్రులకీ రోడ్లకీ. మన దగ్గర ఎమ్మెల్యేల రేట్లు పేపర్లో చదివి ముక్కున వేలేసుకునేవాళ్ళు ఆ వేలు కాసేపు తీసి ఈ లెక్క చూడండి. ఆ 10 మంది ఐర్లాండ్ సరిహద్దు షరతు నచ్చలేదని ఆవిడ ఒప్పందానికి మూడుసార్లూ వ్యతిరేకంగానే ఓటేశారు.

2018 జూలైలో చెకర్స్ అని ప్రధాని విడిది బంగళాకి కేబినెట్ మొత్తాన్ని పిలిచి ఫోన్లు తీసేసుకుని ఒక ప్లాన్ ఒప్పించారు. ఇక్కడే రాజీనామా చేసేవాళ్ళకి ప్రభుత్వ కారు ఉండదు, టాక్సీలో పోవాల్సిందే అని ముందే పేపర్లకి లీకులిచ్చారు. మంత్రులు పాపం అంత దూరం టాక్సీ ఎందుకులే అనుకున్నారేమో, అందరూ ఒప్పేసుకుని, భోంచేసి, ప్రభుత్వ కార్లలోనే ఇళ్ళకొచ్చి, రెండ్రోజులాగి బ్రెగ్జిట్ మంత్రి డేవిడ్ డేవిస్ రాజీనామా చేశాడు, మర్నాడు బోరిస్ చేశాడు. డేవిస్ స్థానంలో వచ్చిన డొమినిక్ రాబ్ ఇంకా గొప్పోడు, నాలుగు నెలలు బ్రెగ్జిట్ మంత్రిగా బ్రసెల్స్ చుట్టూ తిరిగి, చర్చలు ముగిసి ఒప్పందం కాగితం మీదకొచ్చిన మర్నాడే ఇది నాకు మింగుడుపడదని రాజీనామా చేశాడు.

ఓటింగ్ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, అక్కడ బటన్ నొక్కడం ఉండదు. గంటలు మోగుతాయి, ఎనిమిది నిమిషాల్లో ఎంపీలు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఔను అనేవాళ్ళు ఒక వరండాలోకి, కాదు అనేవాళ్ళు ఇంకో వరండాలోకి నడవాలి, ఆ తర్వాత తలుపులు మూసేస్తారు. అంటే ఎవరి భుజం ఎవరి భుజానికి రాసుకుందో అందరికీ కనపడుతుంది. 2019 మార్చి 29న ఒప్పందం మూడోసారి 344–286 తో ఓడింది. అప్పుడు కాదు వరండాలోకి నడిచిన టోరీలు 34 మంది, వాళ్ళలో 28 మంది స్పార్టన్లమని చెప్పుకునే వీర బ్రెగ్జిట్ వాదులు, ఇది వెళ్ళడమే కాదు పొమ్మన్నారు, మిగతా ఆరుగురు అసలెందుకు వెళ్ళడం, కనీసం మళ్ళీ జనాన్ని అడగండి అనేవాళ్ళు. ఒకే తలుపులోంచి అందరూ కలిసి వెళ్ళారు. ఆ 34 మంది అటు కాకుండా ఇటు నడిచుంటే ఒప్పందం 320–310 తో నెగ్గేది, బ్రిటన్ కథ ఆ మధ్యాహ్నమే ఇంకోలా తిరిగేది.

అన్నట్టు బోరిస్ గారు, ఇంకో బ్రెగ్జిట్ వాది టోరీ ఎంపీ రీస్-మాగ్ గారు ఆ మూడోసారి మాత్రం ఔను అన్నారు. మొదటి రెండుసార్లు ఇదే ఒప్పందం దేశానికి దాస్యం. మరి ఏం మారింది? ఒప్పందం మారలేదు, రెండ్రోజుల ముందు మే గారు ఇది పాస్ చేస్తే నేను దిగిపోతా అన్నారు. దేశ సార్వభౌమాధికారం ఒక కుర్చీ ఖాళీ అయ్యేంత ఖరీదన్నమాట.

అదే నెలలో ఇంకోటి జరిగింది, నాకు బాగా ఇష్టమైనది. బయటికెళ్ళే గడువు పొడిగించమని ఈయూని అడుగుదామనే తీర్మానం ప్రభుత్వమే పెట్టింది, కొత్త బ్రెగ్జిట్ మంత్రి స్టీవ్ బార్‌క్లే లేచి ఇది దేశ ప్రయోజనం, సభ దీన్ని ఆమోదించాలి అని గట్టిగా సిఫారసు చేసి, కూర్చుని, గంట మోగగానే వెళ్ళి దానికి వ్యతిరేకంగా ఓటేసి వచ్చాడు. ఉద్యోగం పోలేదు. పార్టీ రెండు ముక్కలైనప్పుడు నోరు ఒక ముక్కకీ కాళ్ళు ఇంకో ముక్కకీ ఇవ్వడం కన్నా న్యాయమైన పంపకం ఏముంటుంది?

లేబర్ వాళ్ళు తక్కువ తిన్నారనుకోకండి. వాళ్ళకి లండన్లోనేమో ఈయూలో ఉందామనే ఓటర్లు, ఉత్తరాన పాత గనుల ఊళ్ళల్లో వెళ్దామనే ఓటర్లు, కరవమంటే కప్పకి కోపం విడవమంటే పాముకి కోపం. నాయకుడు జెరెమీ కోర్బిన్‌ని రెఫరెండం ముందు టీవీలో ఈయూ మీద ఎంత ఇష్టం అని అడిగితే పదికి ఏడో ఏడున్నరో ఇచ్చాడు. ఫలితం రాగానే సొంత ఎంపీలు 172–40 తో ఆయన మీద అవిశ్వాసం ప్రకటించారు, ఆయన కదల్లేదు, కార్యకర్తలు మళ్ళీ ఆయన్నే గెలిపించారు. పార్టీ విప్‌ని ధిక్కరించి 400 సార్లకి పైగా ఓటేసిన మనిషి ఇప్పుడు అందరూ విప్ పాటించాలి అంటే ఎవడు వింటాడు. చివరికి 2019 ఎన్నికలకి వాళ్ళు తేల్చిందేంటంటే మేం గెలిచి, మూడు నెలల్లో కొత్త ఒప్పందం తెచ్చి, దాన్ని జనం ముందు పెట్టి, మా నాయకుడు మాత్రం ఏ పక్షమూ మాట్లాడకుండా తటస్థంగా ఉంటాడు. తెచ్చిన సంబంధం మంచిదో కాదో పెళ్ళిపెద్దనే అడిగితే నేను చెప్పను అన్నట్టుంది, ఎవడు పిల్లనిస్తాడు?

విసుగొచ్చి రెండు పార్టీల్లోంచీ బయటికొచ్చిన పదకొండు మంది ఒక కొత్త కుంపటి పెట్టారు. నాండోస్ అనే చికెన్ హోటల్లో కూర్చుని నవ్వుతూ ఫోటో దిగారు, పార్టీ పేరు మారుస్తూ మూడు పేర్లు పెట్టారు, ఈలోపు పదకొండు మందిలో ఆరుగురు చీలిపోయారు. చీలికలకి వ్యతిరేకంగా చీలిన పార్టీ చీలిపోయి ఆ ఏడాది చివరికి మూతపడింది.

ఇక బోరిస్ ప్రధాని అయ్యాక క్రమశిక్షణ అంటే ఏంటో చూపించాడు. 2019 సెప్టెంబర్ 3న ఆయన సభలో మాట్లాడుతుండగానే ఫిలిప్ లీ అనే సొంత ఎంపీ లేచి అటు నడుచుకుంటూ వెళ్ళి లిబరల్ డెమోక్రాట్ల పక్కన కూర్చున్నాడు, అక్కడితో మెజారిటీ గోవిందా. మనలా ఫిరాయింపుల చట్టం, స్పీకర్ దగ్గర ఏళ్ళ తరబడి పిటిషన్ ఏం లేవు, నాలుగడుగులు నడిస్తే చాలు, కండువా ఖర్చు కూడా లేదు. ఆ రాత్రే ఒప్పందం లేకుండా వెళ్ళొద్దని ఎదురు ఓటేసిన 21 మందిని బోరిస్ పార్టీలోంచి గెంటేశాడు. ఎవరయ్యా వాళ్ళు అంటే ఆరు వారాల ముందు దాకా ఆర్థికమంత్రిగా ఉన్న హామండ్, 1970 నుంచి ఎంపీగా ఉన్న కెన్ క్లార్క్, చర్చిల్ మనవడు సోమ్స్. చర్చిల్ భక్తుడు, ఆయన మీద పుస్తకం కూడా రాసినవాడు బోరిస్. పోయిన ప్రధానికి రెండుసార్లు ఎదురు ఓటేసినవాడు కూడా బోరిసే, అది మనస్సాక్షి, ఇది ధిక్కారం. రెండ్రోజులకి సొంత తమ్ముడు జో జాన్సన్ కుటుంబమా దేశమా అని నలిగిపోతున్నానని మంత్రి పదవికి రాజీనామా చేశాడు, అంతర్గత ప్రజాస్వామ్యం డైనింగ్ టేబుల్ దాకా వచ్చేసింది. తనతో ఏకీభవించేవాళ్ళకే టికెట్లిచ్చి డిసెంబర్లో ఎన్నికలకెళ్ళి 80 మెజారిటీ తెచ్చుకున్నాడు, 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి నడిచింది, జనం చెప్పిన మూడేళ్ళ ఏడు నెలలకి.

ఈ మొత్తం కథలో అధికారం ఎవరి చేతిలో ఉంది అని నన్నడిగితే గ్రాహం బ్రేడీ అంటాను. 1922 కమిటీ అని టోరీ వెనక బెంచీల, అంటే మంత్రులు కాని ఎంపీల, సంఘం ఒకటి, దానికి అప్పట్లో ఈయన ఛైర్మన్. పార్టీ ఎంపీల్లో 15 శాతం మంది నాయకుడి మీద నమ్మకం లేదని ఈయనకి ఉత్తరాలు రాస్తే ఓటింగ్ పెట్టాలనేది అప్పటి రూలు. 2018 లో ఆ అంకె 48. నవంబర్ 15న రీస్-మాగ్ తన ఉత్తరం ఇచ్చేసి పార్లమెంటు బయట మీడియాకి చెప్పాడు, అయిపోయింది ఇంకేముంది అనుకున్నారు, కానీ రాస్తామన్నవాళ్ళంతా రాయలేదు, నాలుగు వారాలు పట్టింది 48 పూర్తవ్వడానికి. అన్నాళ్ళూ దేశం మొత్తం ఒక మనిషి ముఖం చూస్తూ గడిపింది, ఎన్నొచ్చాయో ఆయన చెప్పడు. మే గారు 200–117 తో నెగ్గారు, నెగ్గి కూడా ఆరు నెలలు తిరక్కుండానే రాజీనామా ప్రకటించారు. ఆ రోజే బ్రేడీ కూడా ఛైర్మన్ పదవి వదిలేశాడు, ఎందుకంటే ప్రధాని పదవికి తనే పోటీ చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకోవాలట. ఆలోచించుకుని, పోటీ చేయకుండా, సెప్టెంబర్లో మళ్ళీ వచ్చి ఛైర్మన్ అయ్యాడు. 2022 లో 80 మెజారిటీ బోరిస్ మీద 54 ఉత్తరాలు అందుకున్నది ఆయనే, అదే ఏడాది బోరిస్ తర్వాత ప్రధాని అయిన లిజ్ ట్రస్ దిగిపోయే ముందు మాట్లాడటానికి పిలిచిందీ ఆయన్నే.