సవరణ: ఇంటి నుంచి పనికి యూపీఎస్ లెక్క
ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు ఇంటి నుంచి పనిచేసేవారికి 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్, అంటే కరెంటు పోయాక కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె, నాలుగు గంటలు లాగుతుందని ముందు రాశాం. అది తప్పు, మన్నించండి. అందులో సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, అంటే 84 వాట్-అవర్లు. నష్టాలు పోగా చేతికొచ్చేది 50-60 వాట్-అవర్లు. లాప్‌టాప్ 45, రౌటర్ 10 వాట్లు లాగితే గంటకే ఖాళీ. లాప్‌టాప్‌ని సొంత బ్యాటరీ మీద నడిపి, యూపీఎస్‌ని రౌటర్‌కే వదిలితే సుమారు మూడు గంటలు వస్తుంది; యూపీఎస్ తన కోసం కూడా కొంత కరెంటు తినేస్తుంది కాబట్టి అంతకు మించి లెక్కేసుకోవద్దు.

ఆఫీసు జనరేటర్ ఖర్చు కంపెనీ భరిస్తుంది కాబట్టి ఇంటి బ్యాటరీకీ ఇవ్వాలని అప్పుడు రాసిన మాట మాత్రం మార్చడం లేదు. కరెంటు పోయిందని సగం రోజు జీతం కోయడం అన్యాయమే.

రౌటర్‌లో ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) లైటు ఎర్రగా వెలిగితే ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగలో సిగ్నల్ రావట్లేదని అర్థం, అప్పుడు ఏ బ్యాటరీ ఆదుకోదు. వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ పెట్టుకోండి. వీడియో కాల్‌కి గంటకు సుమారు ఒక జీబీ లెక్కేసుకోండి.